ఇంటి నేల – పింగాణి పలకలు



ఇల్లు కట్టించువాడు గోడల నిలువును చూచును. ద్వారబంధముల కొయ్యను చూచును. పైకప్పు కారునో కారదో అని పదిమారులు విచారించును. నేలను గూర్చిన విచారము మాత్రము కట్టడము ముగింపునకు వచ్చి, చేతిలోని ధనము అడుగంటిన తరువాత కలుగును. అప్పుడు ఇంటిలోని పిన్నలు ఒకనాడు బజారునకు పోయి, దీపకాంతిలో అద్దమువలె మెరయు పలకనొకదానిని చూచి, వెల అడిగి, బండికెత్తించుకొని వత్తురు. మేస్త్రీ తనకు తోచిన రీతిని దానిని పరచిపోవును. గృహప్రవేశమునాడు వచ్చినవారందరును మెచ్చుకొందురు. వచ్చినవారు పోవుదురు. ఆ నేలపై రేయింబవళ్ళు నడువవలసినవారు ఇంటివారు. అందును ముఖ్యముగా ఇంటిపట్టుననే యుండు వృద్ధులు. కావున టైల్సు అని నేడు మనము పిలుచు పింగాణి పలకలను ఎట్లు ఎన్నుకొనవలెనో, ఎట్లు పరపింపవలెనో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

కట్టిన నేలకు సంస్కృతమున కుట్టిమము అని పేరు. అమరకోశమున ఈ పదము కలదు. కొట్టుట, నలుగగొట్టుట అను అర్థముగల ధాతువునుండి ఈ పేరు పుట్టినది. పూర్వులు నేలకు పెట్టిన పేరులోనే దాని లక్షణమును చెప్పియుంచిరి. చక్కగా కొట్టి గట్టిపరచినదే నేల. పైన వేయునది దానికి తొడుగు మాత్రమే. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొన్నచో తక్కిన ప్రసంగమంతయు సులభముగా బోధపడును.

మెరుగునేల చేయు మోసమును గూర్చియు మన పెద్దలు ఎరుగుదురు. భారతమున సభాపర్వములోని మయసభను తలచుకొనుడు. దుర్యోధనుడు స్ఫటికపు నేలను చూచి నీరని భ్రమించి వస్త్రము పైకెత్తుకొనెను. నీటిని చూచి నేలయని భ్రమించి అందు పడెను. యౌవనమున, బలమున, దృష్టిపాటవమున కొరతలేని రాజకుమారునకే ఆ గతి పట్టినప్పుడు, చత్వారపు కన్నులతో ఊతకఱ్ఱ పట్టుకొని నడుచు మనవంటివారి మాట చెప్పనేల? నీరు ఎక్కడ నిలిచినదో తెలియనీయని మెరుగు ఇంటికి అలంకారము కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పు లెక్కలలో, ప్రమాదవశమున కలుగు మరణములకు జారిపడుట, క్రిందపడుట అనునవి రెండవ పెద్ద కారణము. అట్లు మరణించువారిలో అరువది దాటినవారే ఎక్కువ. తుంటి ఎముక విరిగిన వృద్ధుడు మంచమునంటిన తరువాత మరల లేచి వాకిటికి వచ్చుట ఎంత కష్టమో ప్రతి గ్రామమువారును చూచియే యున్నారు.

మన సీమలో నేలల చరిత్ర కొంచెము చెప్పుకొందము. నాయుడుపేట స్వర్ణముఖీ నదీతీరమున నున్నది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో నుండి, ఆ యేడు ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరినది. ఇచ్చటి పాత పెంకుటిండ్లలో మట్టినేలను దిమ్మిసతో కొట్టి, పేడతో అలికెడివారు. కలిగినవారు గచ్చు వేయించెడివారు. సున్నమును, ఇటుకపొడిని, ఇసుకను కలిపి నూరి, పరచి, చెక్కబల్లలతో దినములతరబడి కొట్టించి, పైన నున్నచేయుట గచ్చు పద్ధతి. పిమ్మట కడపబండలు, బేతంచెర్ల బండలు వచ్చినవి. తరువాత సిమెంటుతో ఎఱ్ఱరంగు కలిపిన నేలలును, మొజాయికు నేలలును వాడుకలోనికి వచ్చినవి. తమిళదేశమున కారైకుడి దగ్గరి ఆత్తంగుడిలో అద్దపు పలకపై సిమెంటును, రంగులను పోసి చేతితో చేయు బిళ్ళలు నేటికిని ప్రసిద్ధములు.

వీనిలో దేనిని హీనమని నేననను. మంచి కడపబండ నేటికిని నిక్షేపమువంటిది. కాలికి చల్లన, వెల తక్కువ. అయినను పులుసు, నిమ్మరసము పడినచోట మచ్చపడును, ఏలయన అది సున్నపురాయి జాతికి చెందినది. గచ్చునేలను చక్కగా చేయగల పనివారు నేడు అరుదు. మొజాయికును నూరి మెరుగుపెట్టుటకు దినములు పట్టును. ఈ కారణములచేతనే పింగాణి పలకలు పట్టణములనుండి పల్లెలకు వ్యాపించినవి.

పింగాణి యనగా నేమి? తెల్లని బంకమన్ను, ఫెల్‌స్పార్ అను రాయి, పలుగురాయి అను మూడింటిని మెత్తగా నూరి కలిపి, మిక్కిలి ఎక్కువ వేడిమిలో కాల్చగా వచ్చునది. చీనావారు ఈ విద్యను శతాబ్దములకు పూర్వమే ఎరుగుదురు. ఐరోపాలో 1710లో జర్మనీదేశపు మైసెన్ పట్టణమున దీని కర్మాగారము వెలసినది. గిన్నెలకును, పాత్రలకును వాడిన ఈ పదార్థమును నేలపలకలుగా చేయుట గడచిన శతాబ్దపు చివరి భాగమున ఇటలీదేశమున ప్రబలినది. మనదేశమున గుజరాతులోని మోర్బి పట్టణము ఈ పరిశ్రమకు ప్రధానస్థానము. దేశములో తయారగు పలకలలో అధికభాగము అచ్చటివే.

మనకు దగ్గరలోనే ఈ పదార్థపు మూలములున్న సంగతి అందరికిని తెలియదు. గూడూరు, సైదాపురము ప్రాంతములలోని అభ్రకపు గనులలో పలుగురాయియు, ఫెల్‌స్పారును దొరకును. శ్రీకాళహస్తి సమీపమున కజారియా సంస్థవారి పలకల కర్మాగారము 2019లో పని ప్రారంభించినది. సామర్లకోటలోను అట్టి కర్మాగారమున్నది. కనుక ఇది ఎక్కడనో పుట్టి మనకు వచ్చిన వింతవస్తువు కాదు. మన రాళ్ళే, మన మన్నే, అగ్నిసంస్కారము పొంది మన యింటికి వచ్చుచున్నవి.

తయారుచేయు విధము సంగ్రహముగా చెప్పెదను. నూరిన పిండిని నీటితో కలిపి, ఆ ముద్దనీటిని వేడిగాలిలో చిమ్మి, సన్నని రవ్వవలె ఆరబెట్టుదురు. ఆ రవ్వను ఉక్కు అచ్చులో పోసి బలమైన యంత్రముతో నొక్కుదురు. పిదప రంగులద్ది, ఉక్కురోలర్లమీదను, పింగాణి రోలర్లమీదను దొరలించుచు పొడవైన కొలిమిగుండ సాగనంపుదురు. అందు సుమారు 1,200 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో ఫెల్‌స్పారు కరగి గాజువలె మారి, రేణువుల నడిమి సందులనన్నిటిని పూడ్చును. సందులు లేనందున నీరు లోనికి పోదు. ఇదియే ఈ పలకకుగల ముఖ్యగుణము; ఇదియే, ముందు చెప్పబోవునట్లు, పరచునప్పుడు కలుగు చిక్కునకును మూలము.

అంతర్జాతీయ ప్రమాణము ప్రకారము, నొక్కి చేసిన పలక తన బరువులో 0.5 శాతమునకు మించక నీరు పీల్చినచో దానిని పింగాణి తరగతిలో చేర్చుదురు. గోడకు వేయు సాధారణపు పలకలు 10 శాతమునకు పైగా పీల్చును. మన దుకాణములలో పింగాణి పలకలను విట్రిఫైడ్ అనియు, తక్కినవానిని సిరామిక్ అనియు పిలుచుచున్నారు. మన భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 15622. పెట్టెపై ఆ సంఖ్యయు, ఐ.ఎస్.ఐ. ముద్రయు ఉన్నవో లేవో చూచుకొనుట మంచిది. గోడపలకను వెల తక్కువయని నేలకు వేయరాదు. మంచపుకోడు క్రింద, బియ్యపుబస్తా క్రింద అది నిలువదు.

విట్రిఫైడులోను మూడు ముఖ్యభేదములు కలవు. మొదటిది డబుల్ చార్జి. ఇందు రంగుపొర 3 మొదలు 4 మిల్లీమీటర్ల మందముండును గనుక ఎంత నడచినను అరిగి క్రిందిది బయటపడదు. రెండవది జి.వి.టి. అనునది. ఇందు పైన పలుచని గాజుపూతయు, దానిలో అచ్చువేసిన చిత్రమును ఉండును. పాలరాయి, కొయ్య, నాపరాయి మొదలగు ఏ రూపమునైనను దీనిలో తేగలరు. కాని ఇసుకకాళ్ళతో నడుచు పంచలో పూత గీతలుపడును. గాజుపూతగల పలకల అరుగుదలకు పి.ఇ.ఐ. అను 1 మొదలు 5 వరకు తరగతులున్నవి. ఇంటిలోపల 3 గాని 4 గాని చాలును. మూడవది ఫుల్ బాడీ. ఇది పైనుండి క్రిందివరకు ఒకే రంగు. అంచు పెచ్చులూడినను కనబడదు. మెట్లకును, అరుగులకును ఇది తగును.

ఇక మెరుగును గూర్చి. మెరుగుపెట్టిన పలక పొడిగా నున్నంతవరకు జారదు, తడిసినంతనే జారును. గరుకు పలక తడిసినను కాలిని పట్టియుంచును. జారుడును కొలుచుటకు జర్మనీదేశీయులు ఆర్.9 మొదలు ఆర్.13 వరకు ఒక వరుసను ఏర్పరచిరి. అంకె పెరిగినకొలది పట్టు పెరుగును. పొడిగా నుండు గదులకు ఆర్.9 సరిపోవును, స్నానపుగదికి, దొడ్డికి, వానజల్లు పడు వసారాకు ఆర్.10 లేక ఆర్.11 కావలెను. ఈ అంకె పెట్టెపై లేకున్నచో అంగడివాని నడుగుడు. అతడు చెప్పలేకున్నచో అంతకంటె నమ్మదగిన పరీక్ష యొకటి కలదు. పలకను నేలపై పెట్టించి, చెంబెడు నీరు పోయించి, ఒకరి భుజము పట్టుకొని దానిపై చెప్పులు లేక నిలుచుడు. మీ పాదము చెప్పు సాక్ష్యమునకు మించిన సాక్ష్యము లేదు. ఇంటిలోని పెద్దవారు పలకలు కొనుటకు స్వయముగా పోవలెనని నేను చెప్పుట ఇందుకే.

దుకాణములో చేయదగిన పరీక్షలు మరికొన్ని కలవు. ఒకే పెట్టెలోని రెండు పలకలను ముఖాముఖిగా ఆనించి అంచులు చూడుడు. నడుమ వెలుతురు కనబడినచో పలక వంకరయున్నది. మూలనుండి మూలకు రెండు కఱ్ఱములను దారముతో కొలిచి చూడుడు. రెండును సమానము కానిచో పలక చదరము తప్పినది. వెనుకవైపు నీటిబొట్టు వేయుడు. అది చప్పున ఇంకిపోయినచో అది విట్రిఫైడు కాదు. ముఖముపై తడిపసుపు పూసి గంటసేపైన తరువాత తుడిచి చూడుడు. మచ్చ మిగిలినచో వంటింటికి పనికిరాదు. కట్టకడపట, పెట్టెలన్నిటిమీదను షేడు సంఖ్యయు, బ్యాచి సంఖ్యయు ఒకటేయగునట్లు చూచుకొనుడు. ఒకే పేరుగల పలకయైనను వేరు కాల్పులో రంగు ఇంచుక మారును. అంగడిలో తెలియని ఆ భేదము పరచిన తరువాత పగటివెలుగున చారవలె కనబడును.

ఎన్ని పెట్టెలు కావలెనో తెలిసికొనుటకు లెక్క సులభము. రెండడుగుల చదరపు పలక, అనగా 600 మిల్లీమీటర్లది, పెట్టెకు సాధారణముగా నాలుగు వచ్చును; నాలుగింటి వైశాల్యము 15.5 చదరపు అడుగులు. గది 12 అడుగుల వెడల్పు, 15 అడుగుల పొడవు అనుకొందము. నేల 180 చదరపు అడుగులు. చుట్టుకొలత 54 అడుగులు. రెండు ద్వారములకు 6 అడుగులు తీసివేయగా 48 అడుగులు. గోడ మొదట నాలుగంగుళముల ఎత్తున వేయు స్కర్టింగునకు 16 చదరపు అడుగులు. మొత్తము 196. కోతకు, విరుగుటకు పదవవంతు చేర్చినచో సుమారు 216. దానిని 15.5తో భాగింపగా 14 పెట్టెలు. ఇంతకు మించి మరియొక పెట్టె కొని అటకపై దాచుకొనుడు. పదేండ్ల తరువాత ఒక పలక పగిలినప్పుడు ఆ రంగు ఏ బజారునను దొరకదు.

ఇప్పుడు ముఖ్యవిషయమునకు వచ్చితిమి. పలక పరచుటకు ముందు దాని క్రింద ఏమున్నదో చూడవలెను. మన యూళ్ళలో నేల పగులుటకు మొదటి కారణము పలకలోని దోషము కాదు. పునాదిగోడల నడుమ పోసిన మన్ను తరువాత క్రుంగుటయే. వరదకు భయపడి మనము అరుగుమట్టమును ఎత్తుగా కట్టుచున్నాము. 2015, 2021 సంవత్సరములలోని నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగిన సంగతి మీకు తెలిసినదే. ఎత్తు పెరిగినకొలది లోపల పోయు మన్ను పెరుగును. ఆ మన్నును ఒక్కమారుగా లారీలతో కుమ్మరించి, పైన నీళ్ళు పోసి, అణగినదని అనుకొందురు. అది రెండు మూడు వానకాలములు క్రుంగుచునే యుండును. పైనున్న సన్నని కాంక్రీటు అప్పుడు ఆధారములేక పగులును. కాంక్రీటుతో పలకయు పగులును.

సరియైన పద్ధతి యిది. నల్లరేగడిని పోయరాదు, అది తడిసి ఉబ్బును, ఎండి కుదించుకొనును. గ్రావెలునుగాని ఇసుకనుగాని ఆరంగుళముల పొరలుగా పోసి, ప్రతిపొరను తడిపి, దిమ్మిసతోగాని యంత్రముతోగాని కొట్టి, అణగిన తరువాతనే రెండవపొర పోయవలెను. కుట్టిమము అను పేరు ఇక్కడ సార్థకమగును. దానిపై నేలచెమ్మ ఎక్కకుండ దళసరి ప్లాస్టిక్ పట్టాను పరచి, నాలుగంగుళముల కాంక్రీటు వేయవలెను. సముద్రము దగ్గరయగు మన తావులలో భూమిచెమ్మ వెంట ఉప్పును ఎగబ్రాకి పలకల సందులలో తెల్లగా పేరుకొనును. ఆ పట్టా దానిని అడ్డగించును. కాంక్రీటును నీటితో తడుపుచు ఆరనిచ్చి, 28 దినములు గడచిన తరువాత పలకలు వేయుట మేలు. అంతవరకు ఆగలేక తొందరపడినవారే తరువాత నేలను త్రవ్వించుచున్నారు.

పలకను అంటించుట రెండవ ముఖ్యవిషయము. కడపబండను పరచిన అలవాటున మన మేస్త్రీలు ఇసుక సిమెంటు పరుపుపై సిమెంటు పాలు పోసి పలకను కూర్చుండబెట్టుదురు. కడపబండ వెనుక గరుకు. అది కొంచెము నీటిని పీల్చి సిమెంటును పట్టుకొనును. పింగాణి పలక నీటిని పీల్చదని చెప్పితిని గదా! సిమెంటు పాలు దానికి అంటుకొనక, ఆరి పొడియై, నడుమ డొల్ల మిగులును. అట్టి పలకను తట్టినచో కుండవలె మ్రోగును. డొల్లపై బీరువా కాలు పడినను, రోకలి జారిపడినను పలక పగులును. వేసవిలో కొన్ని ఇండ్లయందు పలకలు వరుసగా గుడిసెవలె పైకి లేచుట మీరు చూచియుందురు. అంటులేకుండుటయు, పెరుగుటకు చోటు లేకుండుటయు కలిసినప్పుడు అట్లు జరుగును.

దీనికి తగిన మందు టైలు జిగురు, అనగా సిమెంటులో పాలిమరు కలిపిన పొడి. దీనికి భారతీయ ప్రమాణము ఐ.ఎస్. 15477. విట్రిఫైడు పలకలకు తగినదేదో సంచిపై వ్రాసియుండును, చదివి కొనవలెను. మొదట ఇసుక సిమెంటు పరుపును రసమట్టమునకు సరిగా వేసి, గట్టిపడనిచ్చి, తడిపి, ఆరనీయవలెను. తరువాత జిగురును సంచిపై చెప్పిన కొలత నీటితో కలిపి, అరగంటలో వాడదగినంత మాత్రమే కలుపుకొనవలెను. గట్టిపడిన జిగురులో మరల నీరు పోసి మెత్తచేయుట పనివారికి అలవాటు; దానిని ఒప్పుకొనరాదు. జిగురును పళ్ళతాపీతో ఒకే దిక్కునకు గీతలుగా పరచి, పలక వెనుకనున్న తెల్లపొడిని తుడిచి, పెద్దపలకయైనచో వెనుకవైపునను పలుచగా జిగురు పూసి, కూర్చుండబెట్టి, రబ్బరుసుత్తితో తట్టవలెను. పని మొదలైన గంటలోపల ఒక పలకను పైకెత్తించి చూడుడు. దాని వెనుకభాగమంతయు జిగురంటియున్నచో పని చక్కగా నడచుచున్నదని గ్రహింపవలెను. మూలలలో జిగురు లేకున్నచో అప్పుడే చెప్పవలెను; మరునాడు చెప్పి ప్రయోజనము లేదు.

పలకకు పలకకు నడుమ సందు వద్దనువారు పెక్కండ్రు. సందు లేకున్న ఒకే రాతివలె కనబడునని వారి ఆశ. కాని వేడికి ప్రతివస్తువును పెరుగును. ఆరు మీటర్ల పింగాణి నేల 20 డిగ్రీలు వేడెక్కినచో సుమారు 0.8 మిల్లీమీటరు పెరుగును. ఇది అల్పముగా తోచినను, చోటులేనిచో అదియే పలకలను పైకెత్తును. కావున రెండు మూడు మిల్లీమీటర్ల సందుండునట్లు స్పేసర్లు పెట్టించుడు. గోడమొదట ఆరేడు మిల్లీమీటర్ల ఖాళీ విడువుడు. స్కర్టింగు దానిని కప్పును. పెద్దసావడి యైనచో నడుమ ద్వారబంధము దగ్గరనో, స్తంభముల వరుసలోనో మెత్తని సీలంటుతో నింపిన సందునొకదానిని విడువుడు. ఒక దినము గడచిన తరువాత సందులలో గ్రౌటు నింపవలెను. వంటింటను, స్నానపుగదిలోను ఎపాక్సీ గ్రౌటు వేసినచో మురికి పట్టదు, నీరు దిగదు. వెల కొంచెమెక్కువ, స్థలము స్వల్పమేగదా.

పలకలను ఎక్కడనుండి మొదలిడవలెనో పని ఆరంభింపకముందే సుద్దగీతలతో గుర్తించుకొనవలెను. ద్వారమున ప్రవేశించువానికి నిండుపలక కనబడవలెను. ముక్కలు మంచము క్రిందికి, బీరువా క్రిందికి పోవలెను. పలక పొడవు వెడల్పునకు రెండింతలున్నప్పుడు ఇటుకవరుసవలె సగముసగము జరిపి వేయరాదు. పొడవుపలక నడుమ ఇంచుక ఉబ్బియుండును గనుక ఒక అంచు పైకి లేచి కాలివ్రేలికి తగులును. మూడవవంతునకు మించక జరుపుట క్షేమము.

స్నానపుగదిని గూర్చి వేరుగా చెప్పవలసియున్నది. వృద్ధులు ఎక్కువగా జారు చోటు అదియే. అందు ఒక అడుగు చదరపు గరుకుపలకలు శ్రేష్ఠము. చిన్నపలకలకు సందులెక్కువ, కాలికి పట్టెక్కువ; నీటివాలు కుదుర్చుటయు సులభము. నాలుగు అడుగులకు ఒక అంగుళము వాలుండినచో నీరు నిలువదు. వాలు ఏ దిక్కునకన్న ప్రశ్న వచ్చినప్పుడు వాస్తుశాస్త్రమును పాటించువారు పాటింపవచ్చును. కాని గొట్టము ఒక దిక్కున, వాలు మరియొక దిక్కున ఉండరాదు. గొట్టము పెట్టునాడే దిక్కును నిర్ణయించుకొనుడు. పలకలు వేయకముందు గదిలో ఒక దినమంతయు నీరు నిలిపి క్రింద కారుటలేదని చూచుకొనుడు. గోడకు పట్టుకొనుటకు ఉక్కుకడ్డీ యొకటి బిగించుటకు తగిన చోటు అప్పుడే గుర్తింపవలెను. అరంగుళము, అంగుళము ఎత్తుగల చిన్నగడపలు పెద్దమెట్టుకంటె ప్రమాదకరములు. కంటికి కనబడక కాలికి తగులును. అట్టి గడప తప్పనిచోట వేరు రంగు పలక వేయుడు. మెట్ల అంచులకును ఇదే నియమము.

ఆడువారు నన్నడుగు ప్రశ్న యొకటి కలదు. టైల్సు వేసినచో ముగ్గు ఎట్లని. మెరుగుపలకపై ముగ్గు నిలువదు. నిలిచినను ఆ పిండిపై కాలు జారును. అందుచేత వాకిలిముందు, తులసికోట చుట్టును మెరుగుపెట్టని కడపబండనో, గరుకురాతినో వేయించుడు. పాతదానిని క్రొత్తదాని ప్రక్కన తగినచోట నిలుపుట వివేకము. ఇంటినంతయు ఒకే పలకతో నింపవలెనన్న నియమమేదియు లేదు.

పనివారి క్షేమమును గూర్చి రెండు మాటలు. పింగాణి పలకను పొడిగా కోయునప్పుడు లేచు ధూళిలో పలుగురాతి పొడి యుండును. అది ఊపిరితిత్తులలో చేరి మానరాని సిలికోసిస్ అను రోగమును కలిగించును. కోతయంత్రముపై నీరు పోయుచు కోయవలెనని, ముక్కునకు తగిన ముసుగు ధరింపవలెనని, ఇంటిలోపల గాక ఆరుబయట కోయవలెనని మేస్త్రీతో ముందే చెప్పుడు. మన యిల్లు అందముగా నుండుటకు మరియొకని ఆయువు తరుగరాదు.

శుభ్రపరచుటకు వేడినీరు, మెత్తని సబ్బు చాలును. సిమెంటు మరకలు పోవునని కొందరు ఆమ్లము పోయుదురు. సిమెంటు గ్రౌటును ఆమ్లము తినివేయును. సందులు గుంటలుపడి, వానిలో మురికి చేరి, నేల వికారమగును. పని జరుగునప్పుడే తడిబట్టతో తుడిపించినచో ఆ మరకలు మిగులవు. తుడిచిన నేల ఆరువరకు ముసలివారిని, పసిపిల్లలను దానిపై నడువనీయకుడు.

మేస్త్రీకి కడపటి రూకలు చెల్లించుటకు ముందు చేయవలసిన పని యొకటి కలదు. ఒక కొయ్యముక్కను చేతబట్టి, నేలనంతయు పలకపలకగా తట్టుచు పొండు. డొల్లగా మ్రోగినవానికి సుద్దతో గుర్తుపెట్టి, తీయించి మరల వేయించుడు. చేతిలో పైకమున్నంతవరకు చెప్పినమాట చెల్లును. ఇది గొడవపడుటకు కాదు. నాణెమును మ్రోగించి చూచుకొన్నట్లే నేలను మ్రోగించి చూచుకొనుట.

సంగ్రహముగా చెప్పవలెనన్న, పలక కొనకముందు మూడు ప్రశ్నలు వేసికొనుడు. ఈ నేలపై నడుచువారెవరు? నీరు పడు చోట్లేవి? క్రింద నున్నదేమి? మొదటి ప్రశ్నకు పాదము జవాబు చెప్పును. రెండవదానికి వాలు, గరుకు జవాబు చెప్పును. మూడవదానికి దిమ్మిస జవాబు చెప్పును. ఈ మూడింటికిని తృప్తికరమైన జవాబు దొరికిన తరువాత, రంగును గూర్చియు, మెరుగును గూర్చియు పిన్నల కోరిక చెల్లనీయుడు. వారికి కన్నుల పండువు, మీకు కాలికి భరోసా, ఇంటికి చిరకాలపు నిలుకడ కలుగును.